మస్తాన్‌బీ టీచరు నా చీర కట్టిన రోజు

వానలు వెనకబట్టాక ఏడాదికోసారి బీరువాలోని చీరలన్నీ తీసి డాబా మీద నీడపట్టున ఆరేయడం నాకు అలవాటు. మొన్న కూడా ఆరేశాను. పసుపు రంగు ఉప్పాడ చీర మడత విప్పగానే గుప్పుమని అత్తరు వాసన కొట్టింది. రెండుసార్లు డ్రైక్లీనింగుకు ఇచ్చాను, ఏళ్ళ తరబడి కలరా ఉండల మధ్య పడుకోబెట్టాను, అయినా ఆ వాసన పోలేదు. భుజం దగ్గర పిన్నీసు గుచ్చిన రెండు బెజ్జాలు కూడా అలాగే ఉన్నాయి. ఆ చీర నేను కట్టుకున్న రోజులు చాలానే ఉన్నాయి. కానీ దాన్ని చూస్తే గుర్తొచ్చేది నేను కట్టుకోని రోజు. మస్కట్‌లో మాకు అరబ్బీ నేర్పిన మస్తాన్‌బీ టీచరు ఆ చీర కట్టుకుని, నలుగురి ముందూ నేనై నిలబడిన రోజు.

ఆవిడ గురించి చెప్పే ముందు నా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఇదంతా అర్థం కాదు. నాది పుట్టు అనుమానం. పాలవాడి చెంబులో వేలు ముంచి నీళ్ళెన్నో చూసే పిల్లనని మా అమ్మ నవ్వేది. నర్సు ఉద్యోగంలో అది పనికొచ్చే గుణమే. మాత్ర మింగానని చెప్పే రోగి నాలుక కింద చూడాలి, నొప్పి లేదనే ముసలమ్మ దుప్పటిని ఎలా పట్టుకుందో చూడాలి. ఆ చూపును డ్యూటీ అయ్యాక యూనిఫాంతో పాటు విప్పి పక్కన పెట్టడమే నాకు చేతకాలేదు. ఎవరైనా ఒక మాట అడిగితే, ఏం అడిగారన్నది నాకు రెండో సంగతి. ఎందుకు అడిగారన్నది మొదటిది.

రెండువేల పదిహేనులో నేను మస్కట్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. లోపలి ఊళ్ళ నుంచి వచ్చే పేషెంట్లకు అరబ్బీ తప్ప మరో ముక్క రాదు. నాకు అరబ్బీలో ‘నొప్పి’, ‘నీళ్ళు’, ‘రేపు’ అనే మాటలు తప్ప రావు. మా వార్డు ఇన్‌చార్జి సిస్టర్ ఒకరోజు పిలిచి, భాష నేర్చుకోకపోతే ఓపీకి మార్చడం కుదరదని చెప్పింది. అలా ఘుబ్రాలో ఒక దర్జీ షాపు పైన ఉన్న సాయంత్రపు భాషా పాఠశాలలో చేరాను. నాలుగు గదులు, ఒక మేడ, మెట్ల మీద ఎప్పుడూ ఇస్త్రీ వాసన. మా క్లాసులో పది మందిమి. అందులో తెలుగువాళ్ళం ఇద్దరమే, నేనూ, బర్కా ఖర్జూరపు తోటల నుంచి వచ్చే జగిత్యాల లింగయ్యా. టీచరు కూడా తెలుగావిడేనని మొదటి రోజు నాకు తెలియదు. ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా, అత్తరు వాసన, తల చుట్టూ బిగించిన గుడ్డ, దారానికి వేలాడే కళ్ళజోడు. యాభై దాటి ఉంటాయి. హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగి, కళ్ళజోడు మీంచి చూసింది.

"కరుణ. ఏ ఊరు మే మీది?"

కడప మాట. ప్రాణం లేచొచ్చిన మాట నిజమే గానీ, వెంటనే జాగ్రత్త కూడా లేచింది. "పాలకొల్లు దగ్గరండి," అన్నాను.

"దగ్గరంటే?"

"దగ్గరేనండి."

ఆవిడ నవ్వలేదు, విసుక్కోనూ లేదు. "పెండ్లయిందా?"

"అయిందండి."

"ఆయన యాడుండాడు?"

"దుకుమ్‌లోనండి. సైట్ డ్యూటీ. సెలవు దొరకదు."

ఈ చివరి మాట నేను అప్పటికి ఏ వంద సార్లో చెప్పి ఉంటాను. అందులో పిసరంత కూడా నిజం లేదు. నా భర్త ప్రసాదు దుకుమ్ ముఖం కూడా చూడలేదు. విజయవాడలో ఇంకొకావిడతో కాపురం పెట్టి అప్పటికి నాలుగేళ్ళు. మస్కట్ వచ్చిన కొత్తలో ఎవరో అడిగితే నోటికి ఏదో ఒక ఊరు రావాలి కదా అని దుకుమ్ అన్నాను. బస్సులో ఆరేడు గంటల దూరం, మధ్యలో అంతా ఎడారి, పనిగట్టుకుని వెళ్ళి చూసొచ్చేవాళ్ళు ఉండరు. ఆ ఒక్క అబద్ధంతో చాలా తలుపులు మూసుకున్నాయి. మొగుడు వదిలేశాడని తెలిస్తే ఆస్పత్రిలో కొందరు మగవాళ్ళు జాలితో మొదలుపెట్టి ఎక్కడికి వస్తారో నాకు తెలుసు. శుక్రవారం ప్రార్థన కూడికలో ఆడవాళ్ళు నా పేరు ఎత్తి గట్టిగా ప్రార్థన చేస్తారని కూడా తెలుసు. నాకు ఆ రెండూ వద్దు. మెళ్ళో సూత్రాలు తీయలేదు, నెలకోసారి ‘ఆయన ఫోన్ చేశారు’ అనడం మానలేదు. నాతో ఒకే రూములో ఉండే గుంటూరు రత్నానికి కూడా అదే చెప్పాను. రత్నం మంచిదే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

ఇక మా పాఠశాల పండుగ సంగతి. ఏటా చలి తగ్గే రోజుల్లో ఒక శనివారం సాయంత్రం మేడ మీద చేసేవాళ్ళు. నోటీసులో ‘సాంస్కృతిక దినోత్సవం’ అని ఉండేది. మేం వేషాల పండగ అనేవాళ్ళం. వేరేచోట్ల అయితే ఎవరి దేశం బట్టలు వాళ్ళు కట్టుకుని వస్తారు, ఫొటోలు దిగుతారు, బిర్యానీ తిని వెళ్ళిపోతారు. మస్తాన్‌బీ టీచరు పద్ధతి అది కాదు. నెల ముందు అందరి పేర్లూ చీటీలు రాసి డబ్బాలో వేసేది. నీకు ఎవరి చీటీ వస్తే వాళ్ళ బట్టలు నువ్వు కట్టాలి. ఈ నెల రోజులూ వాళ్ళ ఇంటి సంగతులు వాళ్ళనే అరబ్బీలో అడిగి తెలుసుకోవాలి. ఆ రోజు మేడ మీద నిలబడి, ‘నేను ఫలానా’ అని వాళ్ళలాగే అరబ్బీలో మాట్లాడాలి. కడుపు నింపుకోవడానికి మాట నేర్చినవాడికి ఇంకొకరి మాట మోయడం కూడా రావాలని ఆవిడ అనేది.

చీటీలు తీసే ముందు ఒక నియమం చెప్పింది. అరబ్బీలో చెప్పి, హిందీలో చెప్పి, చివరికి మా ఇద్దరి వైపు చూసి తెలుగులో కూడా చెప్పింది. "వాళ్ళు సెప్పిందే సెప్పాల. సెప్పంది సెప్పకూడదు. ఒకరింటికి కూటికి పోతే పెట్టింది తినాల గానీ, కుండ మూత తీసి సూస్తారా ఎవురన్నా?"

నాకు లింగయ్య చీటీ వచ్చింది. నా చీటీ ఎవరికి వచ్చిందో తెలియలేదు. ఆ వారమే శ్రీలంక వంటమనిషి ఒకాయన ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన తీసిన చీటీ మిగిలిపోయింది. దాన్ని టీచరు తన పుస్తకంలో పెట్టుకోవడం చూశాను.

లింగయ్య నలభై ఐదేళ్ళ మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. బర్కాలో పెద్ద తోటకు సూపర్‌వైజర్‌నని, తన కింద పన్నెండు మంది పని చేస్తారని చెప్పాడు. నేను పుస్తకం తెరిచి అడగడం మొదలుపెట్టగానే ఆయనకు చెమటలు పట్టాయి. ‘మీ నాన్న ఏం చేసేవాడు’ అని నేను అరబ్బీలో కూడబలుక్కుంటే ఆయన తెలుగులో జవాబిచ్చాడు.

"గిన్ని ముచ్చట్లు ఎందుకడుగుతున్నవ్ సిస్టర్? ఏడన్న కాగితం మీద ఎక్కిస్తవా?"

"లేదండీ, పండక్కే."

"నాయిన లేడు. గంతే రాస్కో."

ఆ నెల మా క్లాసంతా ఇదే వరస. ఒకరిని చూస్తే ఒకరు పుస్తకం మూసేవాళ్ళు. మాతో పాటే చదివే కింద షాపు బంగ్లాదేశ్ దర్జీ, తన చీటీ లింగయ్యకు వస్తే లాల్చీ కొలత ఆయనకెందుకని రెండు రోజులు టీచరుతో వాదించాడు. నాకు మాత్రం లింగయ్య మీద అనుమానం వేరే దారిలో వచ్చింది. ఒక సాయంత్రం ఆయన అరచెయ్యి వాచి ఉంది. చూపించమన్నాను. బొటనవేలి కింద ఖర్జూరపు ముల్లు విరిగి లోపల ఉండిపోయింది. బ్యాగులో ఉన్న సామానుతో క్లాసు బయట మెట్ల మీద కూర్చోబెట్టి తీశాను. తీస్తున్నంతసేపూ ఆ చెయ్యి చూశాను. వేళ్ళ కణుపుల మీద పాత ముళ్ళ మచ్చలు, అరచేతికి అడ్డంగా తాడు ఒరుసుకున్న కాయలు. పన్నెండు మందికి పని చెప్పేవాడి చెయ్యి కాదు అది. చెట్టెక్కేవాడి చెయ్యి. కట్టు కట్టాను, పైకి ఏమీ అనలేదు. లోపల మాత్రం, దొరికాడు అనుకున్నాను. దొంగను పట్టిన సంతోషం లాంటిదే అది, సిగ్గుతోనే రాస్తున్నాను.

ఇంతలో టీచరు నన్ను పట్టుకుంది. క్లాసయ్యాక ఆగమనేది. ఒక నల్ల అట్ట పుస్తకం తెరిచి, నేను చెప్పేది అరబ్బీ అక్షరాల్లో కుడి నుంచి ఎడమకు గబగబా రాసుకునేది. అప్పటికి నాకు ఆ లిపి చదవడం రాదు. నా ఎదురుగానే నా గురించి ఏదో రాస్తుంటే, అదేమిటో నాకు తెలియదు. నీకు ఏ పూలు ఇష్టం, చర్చికి ఏ చీర కడతావు, డ్యూటీ లేని రోజు ఏం వండుకుంటావు. మిగిలిపోయిన చీటీ నాదేనని నాకు మెల్లగా అర్థమైంది. అయినా అనుమానం తగ్గలేదు, పెరిగింది. ఒకరోజు చీర కట్టడం చూపించమంది. కడపలో పుట్టిన ఆవిడకు చీర కట్టడం రాదా? వాళ్ళ అమ్మలు, నానమ్మలు చీరలే కదా కట్టేది. రాదన్నట్టు నటించడం ఎందుకు? కూపీ లాగడానికే అనుకున్నాను.

"నీ పెండ్లి చీర తెచ్చిస్తావా? పండక్కి అదే కట్టుకుంటా," అంది ఇంకో రోజు.

మా వైపు క్రైస్తవుల పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురిది తెల్ల చీర. నాది పాలకొల్లు నుంచి రాలేదు. దాన్ని నేను మళ్ళీ చూడదలచుకోలేదు. ఆ మాట చెప్పలేక, ఆలోచించకుండా అన్నాను: "అది దుకుమ్‌లో ఆయన దగ్గరుందండి."

టీచరు కలం ఆగింది. లేబర్ క్యాంపులో, ఒక్కో గదిలో ఎనిమిది మంది మగవాళ్ళ మధ్య, పెళ్ళి చీర! నా మాట నాకే వినపడి చెవులు వేడెక్కాయి. ఆవిడ నా వైపు చూడలేదు. మళ్ళీ రాసుకుంది. పుస్తకం మూస్తూ మామూలుగా అంది. "మా మరిది ఖాదరు ఘాలాలో కంపెనీ బస్సు తోల్తాడు మే. బేస్తవారం బేస్తవారం దుకుమ్ పోతాడు. మీ ఆయనకు ఏమన్నా పంపాలంటే ఇయ్యి."

వద్దనడానికి లేదు. వద్దంటే ఎందుకు వద్దంటున్నావని రత్నమే అడుగుతుంది, ఎందుకంటే ఆ మాట అన్నప్పుడు రత్నం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. "మంచిదే కదే, గోంగూర పంపవే మీ ఆయనకి!" అని అప్పుడే సంబరపడింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ఆ రాత్రి ఒక సీసా గోంగూర పచ్చడి కట్టి, పైన ప్రసాదు పేరు రాసి, ఒక కంపెనీ పేరు కల్పించి ఇచ్చాను. లేని మనిషికి పచ్చడి పంపిన దాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. సీసా తిరిగొస్తుంది, ఆ పేరు గలవాడు అక్కడెవడూ లేడని వార్త వస్తుంది, అంతే. వారం రోజులు అన్నం సహించలేదు.

తర్వాతి శనివారం క్లాసు చివర్లో, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన రత్నం వింటూ ఉండగానే, టీచరు హాజరు పుస్తకంలోంచి తల ఎత్తకుండా అంది. "పచ్చడి సేరింది మే. బాగుందన్నాడంట."

చేరిందా? ఎవరికి? బాగుందన్నది ఎవరు? ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. ఈవిడకు అంతా తెలుసు. తెలిసి, నాకు తిరిగి అబద్ధం చెబుతోంది. ఎందుకు? ఏ లాభం లేకుండా ఎవరైనా అబద్ధం మోస్తారా? నిలదీద్దామంటే నా నోటితో నేనే ఒప్పుకున్నట్టవుతుంది. నేను చేయగలిగింది ఒక్కటే, పండుగ రోజు దాకా భయపడుతూ కూర్చోవడం. ఆ రోజు మా ఇన్‌చార్జి సిస్టర్ వస్తుంది. రత్నం వస్తుంది, కూడిక నుంచి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని మరీ వస్తుంది. అందరి ముందూ మస్తాన్‌బీ ‘నేను కరుణను’ అని మొదలుపెట్టి, తర్వాత ఏం చెబుతుంది?

పండుగ సాయంత్రం మేడ మీద రంగు దీపాలు వేలాడదీశారు. కింది గదిలో అందరూ ఒకరి బట్టలు ఒకరు తొడుక్కుంటూ నవ్వులే నవ్వులు. చుడీదార్ మీద లింగయ్య ధోతి చుట్టుకున్నాను, కాటుకతో మీసం దిద్దుకున్నాను. చలికాలం తోటలో కప్పుకోవడానికి ఊరి నుంచి తెచ్చుకున్న గొంగడి భుజాన వేసుకున్నాను. రుమాలు మాత్రం తలకు నిలవడం లేదు. దర్జీ లాల్చీలో ఇబ్బందిగా కదులుతున్న లింగయ్య అది చూసి వచ్చాడు. కట్టు కట్టిన చేత్తోనే నా తలకు రుమాలు చుట్టి, కొస లోపలికి దోపాడు.

"గట్టిగ కట్టిన సిస్టర్. ఇగ ఊడది."

ఆ చేతికి కట్టు కట్టింది నేనే. అది గుర్తుండీ పైకెక్కి నేను చేసిన పని చెబుతున్నాను. ముందు ఆయన చెప్పినవే చెప్పాను. జగిత్యాల, ఇద్దరు కొడుకులు, మక్కజొన్న చేను, సూపర్‌వైజర్ ఉద్యోగం. జనం మర్యాదగా వింటున్నారు. మూలన టీచరు నా పసుపు చీరలో, తలగుడ్డ అలాగే ఉంచుకుని, తన వంతు కోసం నిలబడి ఉంది. నా మీద చూపులు పడకుండా ఉండాలంటే ముందే ఇంకొకరి మీద పడాలి. అంతకంటే పెద్ద ఆలోచన లేదు. అరచెయ్యి ఎత్తి చూపిస్తూ నా వచ్చీరాని అరబ్బీలో అన్నాను: "నేను సూపర్‌వైజర్‌ని. కానీ నా చేతిలో ఖర్జూరపు ముల్లుంది. సూపర్‌వైజర్లు చెట్టెక్కుతారా?"

మేడంతా గొల్లుమంది. ఇన్‌చార్జి సిస్టర్ కూడా చప్పట్లు కొట్టింది. లింగయ్య కూడా నవ్వాడు, అందరూ నవ్వుతున్నారు కాబట్టి. వెనక వరుసలో ఘాలా నుంచి వచ్చిన లింగయ్య ఊరి మనిషి ఒకడున్నాడు. అతను నవ్వలేదు, లింగయ్య చేతి వైపు చూశాడు. లింగయ్య కట్టు ఉన్న చేతిని లాల్చీ జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత టీచరు వచ్చింది. అప్పుడు తెలిసింది ఆవిడ చీర కట్టడం ఎందుకు చూపించమందో. కడప కట్టు కాదు అది, నా కట్టు. పరుగెత్తడానికి వీలుగా మడమల పైకి ఎత్తి, కుచ్చిళ్ళు బిగించి, పైట పొట్టిగా వేసి, నాలాగే ఒక కాలి మీద బరువు వేసి నిలబడింది. జనాన్ని ఓరకంట ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి చూసింది. ఎవరో ఇచ్చిన నీళ్ళ సీసా మూత తీసి, వాసన చూసి, అప్పుడు తాగింది. మా ఆస్పత్రి వాళ్ళంతా పడీపడీ నవ్వారు. నేను అలా ఉంటానని నాకు అప్పటిదాకా తెలియదు.

"నా పేరు కరుణ," అంది అరబ్బీలో. "మాది పాలకొల్లు దగ్గర. దగ్గరంటే దగ్గరే." మళ్ళీ నవ్వులు. "మల్లెపూలు ఇష్టం గానీ డ్యూటీలో పెట్టుకోను. చేపల పులుసు రెండో రోజు తింటాను." నేను గొంగడి అంచు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. ఇందాక నేను లింగయ్యకు చేసిందే ఇప్పుడు నాకు జరుగుతుంది. జరగాలి కూడా. ఆవిడ గొంతు మారలేదు. "నా భర్త దుకుమ్‌లో సైట్ మీద ఉన్నాడు. సెలవు దొరకదు. నా పెళ్ళి చీర ఆయన దగ్గరుంది. మొన్న బస్సులో ఆయనకు గోంగూర పచ్చడి పంపాను. అది అందింది."

అంతే. నమస్కారం పెట్టి దిగింది. రత్నం పక్కనున్న ఇద్దరికీ తనకొచ్చిన అరబ్బీతో అనువాదం చెబుతూ, "నేనే తీసుకెళ్ళి ఇప్పించాను ఆ పచ్చడి," అని గర్వంగా తల ఊపింది. ఆ రోజుతో నా అబద్ధానికి ఇంకెవరూ వేలు పెట్టలేని గోడ కట్టినట్టయింది. నాకు ఊపిరి ఆడాలి కదా, ఆడలేదు. లింగయ్య కోసం చూశాను. ఆయన కుర్చీ మీద దర్జీ లాల్చీ మడతపెట్టి ఉంది. మనిషి బిర్యానీ తినకుండానే వెళ్ళిపోయాడు.

ఆయన తర్వాతి రెండు క్లాసులకూ రాలేదు. ధోతి, రుమాలు, గొంగడి నా దగ్గరే ఉండిపోయాయి. రెండో క్లాసయ్యాక టీచరు నా చీర సంచిలో పెట్టి ఇస్తూ, "శుక్రవారం బర్కా పోదాం. ఆయన గుడ్డలు ఉతికి తీసుకురా," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. శుక్రవారం కూడిక మానేసి ఆవిడతో వ్యాన్ ఎక్కాను. సీబ్ దాటాక ఇక ఉండబట్టలేక అడిగాను.

"ఆ సీసా ఏమైందండీ?"

"ఖాదరు, వాళ్ళ బస్సులో పిల్లోళ్ళు తిన్యారు. బాగుందన్యారు, అబద్దం కాదు." దుమ్ము రాకుండా కిటికీ అద్దం జరిపి మళ్ళీ అంది. "బస్సు మాట ఎత్తినప్పుడు నీ మొగం సూసినా మే. అరే, కుండ మూత నేనే లేపితినే అనుకున్యా. తప్పు నాది. మళ్ళా మూయాల కదా, సేరిందని సెప్పినా."

నేను ఆవిడకు లాభమేమిటని వారాల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఆవిడ తన తప్పు తాను దిద్దుకుంది, అంతే. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఆ వ్యాన్‌లో అందరూ మగవాళ్ళే.

మేం వెళ్ళేసరికి లింగయ్య చెట్టు మీద ఉన్నాడు. నడుముకు తాడు, భుజాన సంచి. మగ చెట్టు పుప్పొడిని ఆడ గెలల మీద దులుపుతున్నాడు. మమ్మల్ని చూసి చకచకా దిగాడు. అంత చక్కగా చెట్టు దిగే మనిషిని నేను చూడలేదు. నిమ్మచెట్ల నీడలో గోనెపట్టా పరిచి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. బట్టలు రెండు చేతులతో ఇచ్చాను.

"అన్నా, తప్పయిపోయిందండి. చెయ్యి చూసిన నర్సుని, అలా చెప్పకూడదు."

"నువ్వు అబద్ధం చెప్పలే గద సిస్టర్," అన్నాడు గొంగడి నిమురుతూ. "మా నాయిన గీత పని జేసెటోడు. తాడి మీదికెల్లి పడి పాణం ఇడిసిండు. నువ్వు చెట్టెక్కద్దు బిడ్డా అని మా అవ్వ ఒట్టేయించుకున్నది. గీడికొచ్చినంక అర్బాబ్, గీ తోట ఆసామి, ఎక్కుమన్నడు. నాకు గది తప్ప ఏమొస్తది? గందుకే ఊళ్ళె సూపర్‌వైజర్‌నని చెప్పిన. ఊళ్ళె ఒక్క మాట, ఈడ ఒక్క మాట ఎందుకని అంతట గదే చెప్పిన."

"ఇప్పుడు అమ్మకి..."

"ఘాలా ఆయన ఫోన్ జేసి చెప్పిండు. మూడు దినాలు అన్నం ముట్టలేదట అవ్వ. ఇప్పుడు రోజు పొద్దుగూకంగ ఫోన్ జేస్తది. దిగినవా బిడ్డా అంటది. దిగిన అవ్వా అంట. గప్పుడు తింటది."

నేను నిలబడే ఉన్నాను. దూరంగా మోటారు నీళ్ళు కాలవలోకి పడుతున్నాయి. నన్ను ఇంకా బాధపెట్టడం ఇష్టం లేక కాబోలు, లింగయ్య మాట మార్చాడు. "గది పోనీ సిస్టర్. మీ సారుకు పచ్చడి మంచిగనిపించిందట గద?"

మస్తాన్‌బీ టీచరు లేచింది. కాళ్ళు కడుక్కుంటానని మోటారు దగ్గరికి నడిచింది. తొందరగా కాదు, మామూలుగానే.

"మా సారు లేడన్నా," అన్నాను. నాలుగేళ్ళలో మొదటిసారి. "దుకుమ్‌లో ఎవరూ లేరు. నన్ను వదిలేసి ఇంకొకావిడతో ఉంటున్నాడు. నేను అందరికీ అబద్ధం చెప్తున్నాను."

ఆయన నా మెళ్ళో సూత్రాల వైపు చూడలేదు. జాలి మాట ఒక్కటీ అనలేదు. చెట్టు కింద పెట్టిన కుండలోంచి నీళ్ళు ముంచి, రెండు నిమ్మకాయలు పిండి, గ్లాసు నా చేతికిచ్చాడు.

"తాగు చెల్లె. ఎండల వచ్చినవ్."

నేను ఆ గ్లాసు వాసన చూడకుండా తాగాను.

ఆ తర్వాత రెండేళ్ళు మస్కట్‌లో ఉన్నాను. లింగయ్య క్లాసుకు మళ్ళీ వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, అంతా మామూలే. నా మాట ఆయన నోటి నుంచి ఒక్క చెవికి కూడా చేరలేదు. ఆయన మాట నేను దాచలేదు, ఆ అప్పు నాతోనే ఉంటుంది. ఇప్పటికీ సాయంత్రం ఆరు దాటితే, ఆ ముసలమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుంటుందన్న ఆలోచన వస్తుంది. నాకు అనుమానం పోలేదు, చచ్చేదాకా పోదు. ఎవరి మాటలో ఎక్కడ అతుకుందో ఇట్టే కనిపెడతాను. కనిపెట్టి ఊరుకోవడం మాత్రం మస్తాన్‌బీ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడకు భర్త ఉన్నాడో లేడో, ముప్పై ఏళ్ళు ఆ దేశంలో ఒంటరిగా ఎందుకున్నదో నాకు ఈరోజుకీ తెలియదు. అడగలేదు.

దేశం వదిలి వచ్చేసే ముందు చూడటానికి వెళితే, ఆవిడ ఆ నల్ల అట్ట పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చింది. "సదువు సూద్దాం. ఇదే నీ పరీక్ష," అంది. అప్పటికి నాకు ఆ అక్షరాలు వచ్చు. వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు చదివాను. పాలకొల్లు దగ్గర. దగ్గరంటే దగ్గరే. మల్లెపూలు. చేపల పులుసు రెండో రోజు. భర్త దుకుమ్‌లో. పెళ్ళి చీర ఆయన దగ్గర. పచ్చడి అందింది. నేను చెప్పిన ప్రతి మాటా ఉంది, పక్కన ఒక గీత గానీ ప్రశ్న గుర్తు గానీ లేదు. ఆ కాగితం ఉప్పాడ చీర మడతలోనే పెట్టుకున్నాను. మొన్న ఆరేసినప్పుడు తీసి మళ్ళీ చదివాను. బర్కాలో నేను చెప్పిన మాట అందులో లేదు. మోటారు నీళ్ళ చప్పుడులో ఆవిడకు వినపడలేదేమో అనుకుందామంటే, నాది అనుమానపు బుద్ధి కదా, నమ్మను.